డబ్బిచ్చి కొన్న ఆల్చిప్పలు

పెళ్ళయి ముప్పై ఎనిమిదేళ్ళు గడిచినా లియోంటీన్‌కు ఆల్చిప్పల ధర ఎంతో తెలియదు. తెలుసుకోవలసిన అవసరం రాలేదు. ఏటా థాంక్స్‌గివింగ్‌కు రెండు రోజుల ముందు, మంగళవారం నాడు, ఆమె భర్త ఆల్సీడ్ తన పడవలో తెచ్చిన బస్తాలు వెనక వసారాలో దింపేవాడు. అక్కడే బోర్లించిన తొట్టి మీద కూర్చుని, పొట్టి కత్తితో ఒక్కొక్క చిప్పా విప్పి, లోపలి మాంసాన్ని రసంతో సహా గిన్నెలోకి జార్చేవాడు. ఆ రసంలో ఎండు రొట్టె నానబెట్టి, ఉల్లిపాయలూ సెలరీ కాడలూ కాప్సికమూ వెన్నలో మగ్గించి, ఆల్చిప్పలు కలిపి, వెడల్పాటి పళ్ళెంలో ఓవెన్‌లో కాల్చేది లియోంటీన్. దాన్ని డ్రెస్సింగ్ అంటారు. ఆ ఇంట్లో టర్కీ కోడి లేకుండానైనా పండగ జరుగుతుందేమో గాని, అది లేకుండా జరగదు.

అత్తగారు యూఫ్రాసీ బతికున్నన్నాళ్ళూ డ్రెస్సింగ్ ఆవిడే చేసేది. ఆవిడ పోయాక ఆ గరిటె లియోంటీన్ చేతికి వచ్చింది. గరిటెతో పాటు ఇంకో పని కూడా వచ్చింది. పడవ లేని నాలుగిళ్ళకు పండగ ముందు రోజు తలా ఒక సీసా ఆల్చిప్పలు పంపాలి. యూఫ్రాసీ ఎప్పుడు మొదలుపెట్టిందో ఎవరికీ గుర్తులేదు. పుచ్చుకునేవాళ్ళు ఇద్దరు ముగ్గురు మారారు గాని, ఇళ్ళు మాత్రం నాలుగే.

ఆ ఏడు నది పొంగింది. ఎగువన గేట్లెత్తి నెలల తరబడి వదిలిన మంచినీళ్ళు తూర్పు గట్టు దిగువనున్న ఉప్పుటేళ్ళన్నిటినీ కమ్మేశాయి. ఆల్చిప్పలకు ఉప్పు కావాలి. జులైలో ఆల్సీడ్ ఆల్చిప్పల పెంపకానికి కౌలుకు తీసుకున్న నీళ్ళడుగు నేల మీద పడవ నడిపి, అడుగునుంచి పైకి లాగిన వాటిలో పదింటికి తొమ్మిది నోళ్ళు తెరుచుకుని, లోపల బురద నింపుకుని వచ్చాయి. వాటిని మళ్ళీ నీళ్ళలోకే పారబోశాడు. పడవను రేవులో కట్టేసి, ఆగస్టులో ఎగువనున్న ధాన్యం గోదాము దగ్గర గేటు కాపలా ఉద్యోగంలో చేరాడు. అరవై ఆరేళ్ళ వయసులో జీవితంలో మొదటిసారి యూనిఫాం వేసుకున్నాడు. దాన్ని రోజూ తనే ఇస్త్రీ చేసుకునేవాడు. ఆ ఉద్యోగం సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు.

నవంబరు మొదటి వారంలో అతను భార్యకు ఒకే మాట చెప్పాడు. "ఈసారి డ్రెస్సింగ్ సాసేజ్ వేసి చెయ్యి. నేను తియ్యని చిప్ప ఈ గడప తొక్కడానికి వీల్లేదు."

లియోంటీన్ సరేనంది. నిజంగానే సరేననుకుంది. ఆమె బడి వంటశాలలో రెండు వందల మంది పిల్లలకు వండే మనిషి. ఏ సరుకు ఎక్కడ చవకో, ఏ వారం ధర పడుతుందో ఆమెకు నోటికి వచ్చు. కోడి ఎప్పుడూ భారం కాదు. పండగ వారంలో దుకాణాలవాళ్ళు ఇరవై రెండు పౌన్ల టర్కీని దాదాపు ఊరికే ఇచ్చేస్తారు. ఆ కోడి కోసం లోపలికి వచ్చిన మనిషి దగ్గర మిగతా సరుకుల మీద డబ్బు లాగుతారు. వెన్న, పెకాన్ పప్పు, మెకరోనీలోకి చీజ్, బెంగళూరు వంకాయల్లో కూరడానికి రొయ్యలు. హ్యూస్టన్‌లో ఉన్న కూతురు రోషెల్ ఫోన్ చేసి, ఇంత తంటా ఎందుకు, సూపర్‌మార్కెట్‌లో మొత్తం భోజనం వండి డబ్బాల్లో పెట్టి ఇస్తారు, పద్నాలుగు మందికి సరిపడా నేనే చెప్పేస్తాను అంది. నా వంట నీకు చేదయిందా అని లియోంటీన్ అడిగింది. రోషెల్ మాట మార్చింది.

అంతా కుదిరిపోయిన సమయంలో, పండగకు ముందు ఆదివారం, ఒడీల్ దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. ఒడీల్ యూఫ్రాసీకి చెల్లెలు, ఆల్సీడ్‌కు పిన్ని. తొంభై ఒక్క ఏళ్ళు. నది పొంగిన సంగతి ఆమెకు చెప్పారు. చెప్పిన ప్రతిసారీ అయ్యో అనేది, మరుసటి రోజుకు మరిచిపోయేది.

"బుధవారం నా సీసా వస్తుంది కదే?" అని ఆమె అడిగింది.

"వస్తుంది అత్తయ్యా," అంది లియోంటీన్.

ఫోన్ పెట్టేశాక గాని తను ఏమన్నదో లియోంటీన్‌కు అర్థం కాలేదు. మళ్ళీ చేసి లేదని చెప్పొచ్చు. ఒడీల్ ఏమీ అనుకునేది కాదు, అనుకున్నా రేపటికి మరిచిపోయేది. అయినా లియోంటీన్ చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదో ఆమె పెద్దగా ఆలోచించలేదు. ఊళ్ళోని చేపల దుకాణానికి ఫోన్ చేసింది. విప్పిన ఆల్చిప్పలు గాలన్ నూట పది డాలర్లనీ, ఆ ధరకు కూడా శుక్రవారం దాకా సరుకు లేదనీ చెప్పారు. విప్పనివి బస్తా లెక్కన కావాలంటే నది దాటి కుర్టిచ్ రేవుకు వెళ్ళమన్నారు. పడమటి గట్టు వైపు ఉప్పు అంతగా పోలేదు.

కుర్టిచ్ పేరు ఆ ఇంట్లో పలకరు. ముప్పై ఏళ్ళ కిందట మాటో కుర్టిచ్ తూర్పు వైపున కూడా కొంత నీళ్ళడుగు నేల కౌలుకు తీసుకున్నాడు. అది ఆల్సీడ్ కౌలుకు ఆనుకునే ఉండేది. ఒక తుఫానుకు హద్దు కర్రలు కొట్టుకుపోయాయి. మళ్ళీ పాతేటప్పుడు నువ్వు జరిపావంటే నువ్వు జరిపావనుకున్నారు. కోర్టుకు వెళ్ళారు. జడ్జీ తగవు పడ్డ నేలను చెరి సగం చేశాడు. ఇద్దరూ తామే ఓడామనుకున్నారు. అప్పటినుంచీ మాటల్లేవు.

మంగళవారం బడికి సెలవు. ఆల్సీడ్ డ్యూటీకి వెళ్ళాక లియోంటీన్ ట్రక్కు తీసుకుని బల్లకట్టు మీద నది దాటింది. రేవు దగ్గర తన ముందు ఐదారుగురు ఉన్నారు. బస్తాలు అందిస్తున్నది కుర్టిచే. డెబ్భై దాటినవాడు, మోకాళ్ళ దాకా తెల్ల రబ్బరు బూట్లు. తన వంతు వచ్చేసరికి అతను తలెత్తకుండానే అడిగాడు.

"ఎన్ని కావాలమ్మా?"

"ఒక్క బస్తా."

గొంతు విని తలెత్తాడు. కాసేపు చూశాడు. "నువ్వు ఆల్సీడ్ భార్యవి గదూ?"

"అవును."

అతను వెనక్కి వెళ్ళి ఒక బస్తా రెండు చక్రాల బండి మీద పెట్టుకుని వచ్చాడు. ఎనభై ఐదు డాలర్లన్నాడు. తన ముందున్న వాళ్ళందరికీ చెప్పిన ధర అదే. ఆమె నోట్లు లెక్కపెట్టి చాపింది. అతను వెంటనే అందుకోలేదు.

"తగ్గించి ఇవ్వగలను," అన్నాడు. "ఇస్తే ఏమవుద్దో తెలుసా? మీ ఆయన బస్తా పట్టుకెళ్ళి నదిలో పారేస్తాడు. అందుకని మొత్తం తీసుకుంటన్నా."

"నేను తగ్గించమని అడగలేదు."

"అడగలేదు. నేనే చెప్తన్నా."

డబ్బు జేబులో పెట్టుకుని బస్తా ట్రక్కులో వేశాడు. ట్రక్కు తలుపు మూస్తూ, ఆ వైపు పాత చిప్పల మీద కొత్త ఆల్చిప్పల పిల్లలేమన్నా అంటుకున్నాయా అని అడిగాడు. ఆల్సీడ్ జులై తర్వాత వెళ్ళి చూడలేదని ఆమె చెప్పింది.

"అక్టోబర్లో ఉప్పు తిరిగొచ్చింది. ఓసారి చూసుకోమను. నే చెప్పానని మాత్రం చెప్పమాక."

బస్తా మెడకు ఒక చీటీ వేలాడుతోంది. ఏ రోజు, ఏ నీళ్ళలో, ఎవరు తీశారో రాసి కట్టకపోతే అమ్మనివ్వరు. మాటో కుర్టిచ్ పేరు నల్ల అక్షరాల్లో చక్కగా కనిపిస్తోంది. బల్లకట్టు మీద లియోంటీన్‌కు దాన్ని తెంచేయాలనిపించింది. నది మధ్యలో గాలికి వదిలేస్తే సరిపోతుంది. తెంచలేదు. ఆల్సీడ్‌కు చీటీ అక్కర్లేదు, నాలుక మీద వేసుకుంటే ఏ ఏటి ఉప్పో చెప్పేస్తాడు. పైగా తను దొంగసరుకేమీ తేవడం లేదు కదా అనుకుంది.

ఇంటికి చేరాక తెలిసింది, నూరు పౌన్ల బస్తాను దింపడం తన ఒక్కదానివల్ల కాదని. బస్తా మూతి విప్పి, బకెట్‌తో కొన్ని కొన్ని వసారాలోకి మోసింది. ఆల్సీడ్ కత్తి తీసుకుని అతని తొట్టి మీద కూర్చుంది. ఇన్నేళ్ళలో ఆమె వేల ఆల్చిప్పలు వండి ఉంటుంది. తన చేత్తో విప్పినవి పదికి మించవు. కత్తి మొన ఎక్కడ దూర్చాలో చూసినట్టే ఉంటుంది గాని చెయ్యి అక్కడికి వెళ్ళదు. గంటసేపట్లో తొమ్మిది విప్పింది. పదోదానికి కత్తి జారి బొటనవేలి మొదట్లో దిగింది. గుడ్డపీలిక చుట్టుకుని మళ్ళీ కూర్చుంది.

నాలుగింటికి ఆల్సీడ్ వచ్చాడు. యూనిఫాంలోనే వసారా మెట్ల దగ్గర నిలబడి చూశాడు. ఆమె తలెత్తలేదు. అతను ట్రక్కు దగ్గరికి వెళ్ళి బస్తా చీటీ పట్టుకుని చదివాడు. మళ్ళీ వచ్చాడు.

"ఎంత తీసుకున్నాడు?"

"ఎనభై ఐదు."

"మిగతావాళ్ళకి?"

"అందరికీ ఎనభై ఐదే."

"నీకు తగ్గిస్తానన్లేదా?"

"తగ్గిస్తే నువ్వు నదిలో పారేస్తావన్నాడు. మొత్తం తీసుకున్నాడు."

సరే, అన్నాడు ఆల్సీడ్. లోపలికి వెళ్ళి బట్టలు మార్చుకుని వచ్చి, లే అన్నట్టు చెయ్యి ఊపాడు. ఆమె లేచి కత్తి ఇచ్చింది. అతను మొదటి చిప్ప విప్పి, అందులోది నోట్లో వేసుకుని, నమిలి మింగాడు. ఉప్పు సరిగ్గానే ఉందని, ఒళ్ళు మాత్రం పట్టలేదని అన్నాడు. ఆ తర్వాత అతని చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఆరింటికల్లా బస్తా ఖాళీ అయింది.

బక్క చిప్పలవడంతో మొత్తం గాలన్ కూడా నిండలేదు. లియోంటీన్ లోపల ఉల్లిపాయలు తరుగుతుండగా ఆల్సీడ్ అటకమీంచి నాలుగు సీసాలు దించి, కడిగి, నింపడం మొదలుపెట్టాడు. మూడోది నింపుతుండగా ఆమె చూసింది. గిన్నె అడుగు కనబడుతోంది. తను ఒక్క ఒడీల్ అత్తయ్యకు ఒక సీసా ఇద్దామనుకుని తెచ్చానని, మిగతాది డ్రెస్సింగ్‌కని, పద్నాలుగు మంది వస్తున్నారని చెప్పింది.

"అమ్మ నాలుగిళ్ళకీ పంపేది," అన్నాడు ఆల్సీడ్.

"మీ అమ్మ డబ్బు పెట్టి కొన్లేదు."

"కొన్నా పంపేది."

"ఆ ఎనభై ఐదూ నా వంటశాల జీతం. నేను కొన్నవి నువ్వు పంచిపెడతావేంటి?"

అతను నాలుగో సీసా మూత బిగించాడు. ఒక్క ఇంటికి పంపి మూడిళ్ళకు మానేస్తే ఊళ్ళో ఏమనుకుంటారని అతను అడిగి ఉంటే ఆమె దగ్గర జవాబు ఉండేది. అతను అది అడగలేదు. "మనం తినడానికే అయితే సాసేజ్ చాలు," అన్నాడు. "అవతలి గట్టుకెళ్ళి ఆ మనిషి ముందు నిలబడి కొనే పని లేదు." నాలుగు సీసాలూ ఫ్రిజ్‌లో పెట్టి, చేతులు కడుక్కుని వెళ్ళి పడుకున్నాడు. గిన్నెలో మిగిలినవి ఒకటిన్నర గ్లాసు.

బుధవారం ఉదయం లియోంటీన్ సీసాలు తీసుకుని బయల్దేరింది. ముఖం ముడుచుకునే ఉంది. ఒడీల్ సీసా వెలుగుకెత్తి చూసి, ఈసారి ఇంత చిన్నవేమిటే, వాడికి కళ్ళు కనబడ్డం లేదా అని సణిగి ఫ్రిజ్‌లో పెట్టించుకుంది. రెండో ఇంటివాళ్ళూ మూడో ఇంటివాళ్ళూ ఏటా చెప్పేదే చెప్పి పుచ్చుకున్నారు. నాలుగో ఇల్లు చనిపోయిన పాస్టరుగారి భార్య ఎర్లీన్‌ది. ఆమె పేపరు చదివే మనిషి. సీసా చూడగానే రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"వద్దు లియోంటీన్. గాలన్ నూట పది అంటున్నారు. మీకే లేవు, నాకెందుకు? తీసుకెళ్ళి నీ డ్రెస్సింగ్‌లో వేసుకో."

నిన్న రాత్రి లియోంటీన్ కోరుకున్నది సరిగ్గా అదే. ఆ సీసా తిరిగి ఇంటికి వస్తే డ్రెస్సింగ్ డ్రెస్సింగ్‌లా ఉంటుంది. అలాంటిది, ఆ మాట వినగానే ఆమెకు చెంపలు వేడెక్కాయి.

"మేం ఇచ్చుకోలేని స్థితిలో ఉన్నామని మీకెవరు చెప్పారు సిస్టర్?"

ఎర్లీన్ కంగారు పడి, అలా అని కాదు, ప్రేమతోనే అన్నానంది. లియోంటీన్ సీసా వసారా గోడ మీద పెట్టి, హ్యాపీ థాంక్స్‌గివింగ్ చెప్పి వచ్చేసింది. ట్రక్కులో కూర్చున్నాక వెంటనే తాళం తిప్పలేదు. తను ఎందుకు అలా అన్నదో ఆమెకు కొంత తెలిసింది, కొంత తెలియలేదు. తర్వాత సాసేజ్ కొనడానికి దుకాణానికి వెళ్ళింది.

గురువారం ఆల్సీడ్‌కు రెండింటి దాకా డ్యూటీ. పండగ రోజు కాపలాకు జీతం రెట్టింపు, అందుకని తనే అడిగి వేయించుకున్నాడు. అందరూ మూడింటి దాకా ఆగారు. రోషెల్, ఆమె మొగుడు, పిల్లలు, ఆల్సీడ్ చెల్లెలి సంతానం, వాళ్ళ వాళ్ళు. ఒడీల్‌ను కుర్చీతో సహా మోసుకొచ్చారు. ప్రార్థన ఆల్సీడ్ చెప్పాడు, ఎప్పటిలాగే పొట్టిగా. కోడి ఎప్పటిలాగే కొంచెం ఎండిపోయింది. బెంగళూరు వంకాయలు మొదటి విడతలోనే అయిపోయాయి.

డ్రెస్సింగ్ పళ్ళెం వచ్చేసరికి అందరి కళ్ళూ దాని మీదికే వెళ్ళాయి. ఈ ఏడు ఆల్సీడ్‌కు ఆల్చిప్పలు లేవని అందరికీ తెలుసు. నిండా సాసేజే కనబడుతోంది. ఆల్సీడ్ మేనల్లుడు క్లోవిస్ ఫోర్కుతో వెతికి వెతికి, ఒక ఆల్చిప్పను పైకెత్తి అందరికీ చూపించాడు. "నాకు దొరికింది. ఇంకెవరికన్నా తగిలిందా, లేక నేనొక్కణ్ణే లాటరీ కొట్టానా?" పిల్లలు తమ కంచాల్లో వెతకడం మొదలుపెట్టారు. దొరికినవాళ్ళు అరుస్తున్నారు. రోషెల్ తల్లి ముఖం వైపు చూసి వాళ్ళను ఊరుకోమనబోయింది గాని, అప్పటికే ఆల్సీడ్ నవ్వుతున్నాడు.

ఎక్కణ్ణించి వచ్చాయి ఇవి అని రోషెల్ మొగుడు అడిగాడు. లియోంటీన్ గరిటె కింద పెట్టింది.

"పడమటి గట్టువి," అన్నాడు ఆల్సీడ్. "కుర్టిచ్ రేవులో కొన్నాం. బస్తా ఎనభై ఐదు. ఒక్క సెంటు తగ్గించలేదు."

ఆ ఇంట్లో ముప్పై ఏళ్ళుగా వినని పేరది. పెద్దవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒడీల్ మాత్రం కంచంలోంచి తలెత్తి, కుర్టిచా, వాళ్ళ నాన్న మంచి డాన్సరు అంది. మళ్ళీ తినడంలో పడింది. ఆల్సీడ్ రెండోసారి డ్రెస్సింగ్ వడ్డించుకున్నాడు. సాసేజ్ కూడా బాగానే ఉందన్నాడు. లియోంటీన్ దాన్ని మెచ్చుకోలుగా తీసుకోలేదు, తప్పుగానూ తీసుకోలేదు.

శుక్రవారం సాయంత్రానికి అందరూ వెళ్ళిపోయారు. గిన్నెలు తుడుస్తూ, అక్టోబర్లో మన వైపు ఉప్పు తిరిగొచ్చిందట అని లియోంటీన్ అంది. ఎవరు చెప్పారని ఆల్సీడ్ అడిగాడు. ఎవరో అన్నారంది. ఎవరని అతను రెట్టించలేదు.

శనివారం అతనికి సెలవు. తెల్లారాక, మిగిలిన కోడిముక్కలు పెట్టిన రొట్టెలు కట్టించుకుని రేవుకు వెళ్ళాడు. పడవ ఇంజను స్టార్టవడానికే గంట పట్టిందని తర్వాత చెప్పాడు. లియోంటీన్ రోజంతా కోడి ఎముకలు మరిగించి గంబో అనే చిక్కటి పులుసు కాచింది. అతను వచ్చేసరికి పొద్దు వాలుతోంది. జేబులోంచి ఒక పాత ఖాళీ చిప్ప తీసి బల్ల మీద పెట్టాడు. దాని మీద గోరంతేసి కొత్త పిల్లలు మూడు అంటుకుని ఉన్నాయి. ఆరు చోట్ల లాగి చూస్తే ఒక్క చోట దొరికాయట.

"ఇవి అమ్మకానికి రావాలంటే?" అని ఆమె అడిగింది.

"మళ్ళీ నది పొంగకపోతే మూడేళ్ళు."

"అప్పటికి నీకు అరవై తొమ్మిది."

"తెలుసులే."

అతను రెండు గిన్నెల గంబో తాగాడు. తర్వాత ఇస్త్రీ బల్ల వేసుకుని, ఆదివారం డ్యూటీకి చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. జనవరిలో కౌలు కట్టే గడువు వచ్చినప్పుడు వదిలేద్దామని ఇద్దరిలో ఎవరూ అనలేదు. కట్టేశారు.